చీమకు రాసినంత నాకూ రాయి

అక్కా,

మా పుస్తకాల గ్రూపులో ఏ అభిప్రాయం రాసినా "సూపర్" అనేసి పోతారు. మీ గ్రూపులో ఒక్క వాక్యం కోసం నలభైమంది కొట్టుకుంటారు. చూస్తే కడుపు మండేది. ముక్కూమొహం తెలియనివాళ్లకు నువ్వు పేరాలకు పేరాలు జవాబిస్తావు. నా ఉత్తరానికి మాత్రం "బాగా చదువుకో, బుజ్జీ" అని ఒక్క ముక్క.

అందుకే "చీమ" అనే పేరుతో మీ గ్రూపులో చేరాను. అక్కడ మీరు చదివిన నవల ముగింపు మీద నీతో నాలుగు రోజులు వాదించింది నేనే. "చీమగారూ, మీలా చదివేవాళ్లు మా ఇంట్లో ఒక్కరున్నా ఎంత బాగుండేది!" అన్నావు. చదివి గాల్లో తేలిపోయాను. కాసేపటికి ఆ చీమ మీదే ఏడుపొచ్చింది.

ఇవాళ చీమ ఖాతా తీసేశాను. ఆ ముగింపు తప్పని ఇప్పటికీ అంటాను. ఒప్పుకోకపోతే నాతోనే పోట్లాడు, మూడు పేజీలకు తగ్గకుండా.

ఉడుక్కుంటున్న
నీ చెల్లెలు