ఊగాల్సిన యాక్సిల్

రాయపురం,
ఆదివారం

జనార్దనం బావకు,

కాటయ్య రాస్తున్నాను. చించేయకు, చివరిదాకా చదువు. ఎనిమిది నెలలుగా మనకు మాటల్లేవు, ఫోను చేస్తే కట్ చేస్తావు. అందుకే పచ్చయమ్మక్క నాకు కూర తెచ్చిన క్యారియర్‌లోనే ఈ కాగితం పెట్టి పంపుతున్నాను. పులుసు మరకలుంటే మన్నించు.

ఆ రోజు ఇసుకలో పడవను లాగుతుంటే మా ట్రాక్టరు బోల్తా పడింది కదా. అంతకు రెండు రోజుల ముందే నువ్వు దాన్ని రిపేరు చేసిచ్చావు. మా ఓనరు జెబకుమార్ తప్పంతా నీమీదికి నెట్టి, నీకు పనివ్వడం మానేశాడు. నేను పక్కనే నిలబడి నోరు మెదపలేదు.

బావా, తప్పు నాది. ముందు చక్రాల యాక్సిల్ అటూ ఇటూ ఊగుతుంటే లూజుగా ఉందనుకున్నాను. నిన్నడిగితే, "అది ఆడాలరా, ఆడితేనే బండి నిలబడతాది" అన్నావు. నా బుర్రకెక్కలేదు. పదిహేనేళ్ళ డ్రైవర్ని, నాకు తెలీదా అని రెండు వైపులా చెక్క ముక్కలు దిగ్గొట్టి, కదలకుండా బిగించేశాను. ఒక చక్రం దిబ్బెక్కితే యాక్సిల్ ఒక్కటే నడిమి పిన్ను మీద వంగి, బండి నిటారుగా ఉండాలి. నా తెలివి పుణ్యమా అని బండి మొత్తం ఒరిగింది. సమయానికి దూకాను కాబట్టి బతికాను.

సిగ్గుతో దాచాను. అక్క ముఖం చూస్తే ముద్ద దిగడం లేదు. ఈ పొద్దున జెబకుమార్‌కి అంతా చెప్పేశాను. "ఇంక ఈడికి రాబాక" అన్నాడు. పని పోతే పోనీ, నీ పేరు నిలబడితే చాలు.

నీ తిక్క బామ్మర్ది,
కాటయ్య

తొండియార్‌పేట,
మంగళవారం

ఒరే కాటయ్యా,

నాకు తెలుసురా. బండిని లేపేటప్పుడే ఆ చెక్కలు చూశాను. ఎవరి కంటా పడకముందే పీకి సంచిలో వేసుకున్నాను. లేకుంటే పడవలోళ్ళు అక్కడే నిన్ను ఉతికేసేవాళ్ళు. మీ అక్కకు కూడా చెప్పలేదు. నా బాధ పని పోయిందని కాదు. "బావా, నేనే చేశా" అంటూ నువ్వే వస్తావని రోజూ వాకిలి వైపు చూశాను. ఫోనులో చెబితే వినను, ఎదురుగా వచ్చి చెప్పాలని నా పంతం.

నిన్న జెబకుమార్ మా ఇంటికొచ్చి, మళ్ళీ నన్నే పనికి రమ్మన్నాడు. డ్రైవరు కాటయ్యే అయితే వస్తానన్నాను.

"వాడా! మళ్ళీ పడేస్తాడన్నా!"

"వాడైతే ఒకసారి పడినాడు. కొత్తోడైతే మళ్ళీ మొదట్నించి చెక్కలు కొడతాడు" అన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు.

రేపు ఆరింటికి రేవుకు రా. యాక్సిల్ ఎందుకు ఊగాలో పడవలోళ్ళందరి ముందు నువ్వే చెప్పాలి. నేను పక్కనే ఉంటాలే. నిన్ను తిట్టకుండా నాకు పొద్దు గడవడం లేదురా.

ఇంకా కోపంగానే ఉన్న
నీ బావ,
జనార్దనం