ఎండలో వేలాడే పడవ

కుందుర్పి, 1959 మే 14

ఇంజనీరుగారికి, మీ డ్యాము లాంచీకి చిన్నపడవ చేసిన వడ్రంగి దండాలతో రాసుకునేది.

ఆపదలో దింపుకోవడానికి బుట్టలాంటి తోలు పుట్టి మేలా, చెక్కపడవ మేలా అని మీరడిగినప్పుడు చెక్కదే అని పట్టుబట్టింది నేనే. లాంచీ వెనక రెండు ఇనుప చేతులు బిగించి, దాన్ని నీళ్లకు అందకుండా వేలాడదీయించిందీ నేనే.

నిన్న మా బండిచక్రం ఎండకు వదులై ఇనుప పట్టా జారిపోతే, చెక్క ఉబ్బి బిగియాలని తొట్టిలో నానబెట్టాను. అప్పుడు మీ పడవ గుర్తొచ్చింది. ప్రతి ఎండాకాలం చక్రాలు నానబెట్టే నాకు, పడవ నీళ్లదే కదా అని ఆ సంగతే తోచలేదు. మూడు నెలలుగా అది ఎండలోనే ఉంది. పలకలు విడిపోయి ఉంటాయి. దింపితే మునుగుతుంది.

మీ ఓవర్సీరుకు కబురు పెడితే, "పడవను నానబెట్టేదేమప్పా, యాడన్నా ఉండాదా?" అని నవ్వినాడట. ఆదివారం బడిపిల్లలు లాంచీ ఎక్కుతారని విన్నాను. తపాలాలో అయితే ఆలోపు అందదని ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఈ రోజే పడవను దించి నీళ్లలో ముంచి ఉంచండి. పలకలు బిగిసేదాకా లాంచీని కదలనీయకండి.

మీ లాంచీ నడిపే బాలప్ప నా తమ్ముడు. మా కరువు నేలలో పుట్టినవాడు, ఈత రాదు. నేర్చుకోరా అంటే, "నీ పడవ ఉండాది కదన్నా" అన్నాడు.