వానకోటు నాన్న

ఇంటి పెద్దగారికి,

ఇక్కడ మన పిడుగు క్షేమం. నా సంగతి మాత్రం అడక్కు. మీ చెల్లి పురుడని నువ్వు రైలెక్కిన మర్నాడే ఆకాశానికి చిల్లు పడింది. కొండదారి కోసుకుపోయి లారీలన్నీ షెడ్డులోనే ఉండిపోయాయి. లారీ ఆగితే నేనెలా ఉంటానో నీకు తెలుసుగా, కాలు కాలిన పిల్లినే. కిటికీ దగ్గరికి వెళ్తాను, తలుపు దగ్గరికి వస్తాను, మళ్ళీ కిటికీ. "నాన్నా, నువ్వు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది నీ కూతురు. అయిదేళ్ళకే ఆ నోరు ఎవరి పోలికో నేను చెప్పక్కర్లేదు.

నువ్వొచ్చేదాకా ఇల్లు కదలనని మాటిచ్చాను, నిజమే. "పిల్లని ఆడిస్తూ ఉండండి, అదే పొద్దుపోతుంది" అన్నావు. పొద్దు పోవడం లేదోయ్! కాగితం పడవ చేస్తే బకెట్లో వెయ్యగానే మునిగింది. "అమ్మది తేలుతుంది" అంది. గోడ మీద చేతినీడతో కుందేలు చేశాను. "మేక బాగుంది నాన్నా" అంది. దాగుడుమూతలంటే మంచం కింద దూరాను. దూరడం బాగానే దూరాను, బయటికి రావడమే కుదరలేదు. కింది వాటా కుట్టుమిషను పెద్దమ్మ వచ్చి మంచం ఎత్తితే గానీ పైకి రాలేదు. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. చివరికి కుర్చీల మీద నీ కొత్త దుప్పటి కప్పి ఇల్లు కట్టాం. దుప్పటి సంగతి నువ్వొచ్చాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఇంట్లో ఇరుక్కున్న నీ డ్రైవరు


ఏమోయ్,

నీ జవాబు అందకముందే మళ్ళీ రాస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఉండలేను.

ఇవాళ దుప్పటి ఇంట్లో సంసారం ఆట. పిడుగు అమ్మ, బొమ్మ కూతురు. "మరి నాన్నని నేనా?" అని ఉత్సాహంగా లోపలికి దూరబోయాను. "కాదు, నాన్న అదిగో" అని తలుపు వెనక మేకుకి వేలాడుతున్న నా వానకోటుని చూపించింది. "ఆయన లోడుకి వెళ్ళారు. మీరు చుట్టం. కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?" అంది. నన్ను 'మీరు' అంది! ఖాళీ గ్లాసు చేతిలో పెట్టింది, తాగాను. కాసేపటికి లేచి వెళ్ళి ఆ కోటు చెయ్యి పట్టుకుని, "ఏమండీ, బొమ్మ పడుకుంది. మీరు నిదానంగా నడపండి" అని చెప్పొచ్చింది. మాట నీది, గొంతు కూడా నీదే.

నువ్వుంటే పడీపడీ నవ్వేదానివి. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నా ఇంట్లో నేను చుట్టాన్ని, నా బదులు మేకుకి వేలాడే కోటు నాన్న. పిల్లని తప్పు పట్టను. దానికి ఊహ తెలిసినప్పటినుంచీ నన్ను చూసిందానికంటే ఆ మేకుని చూసిందే ఎక్కువ.

ఓనరు కబురు పంపాడు, చుట్టుదారి తెరిచారట. రేపు పొద్దున్నే లోడు. వస్తానన్నాను. నువ్వొచ్చేదాకా పిల్లని పెద్దమ్మ చూసుకుంటానంది. నాకు తెలిసిన పని ఒక్కటే, అది ఇంట్లో లేదు. తిట్టుకోకు. తిట్టుకున్నా సరే, వెళ్తున్నాను.

ఇట్లు,
మీ చుట్టం


ఇంటి పెద్దగారికి,

నేను వెళ్ళలేదు.

పొద్దున్న బూట్లు వేసుకుని మేకు మీది కోటు తీశాను. నాతోపాటు బండెక్కాల్సిన రెండో డ్రైవరు గుమ్మంలో తడుస్తూ నిలబడ్డాడు. పిడుగు లేచి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. అది నన్ను ఎగాదిగా చూసి, వంటింట్లోకి వెళ్ళి గరిటె పట్టుకొచ్చింది.

మన వీధిలో ఆపిన బండి తీసేముందు నేను రాడ్డుతో టైర్లన్నీ కొట్టి వింటాను కదా, ఠంగుమంటే గాలి ఉన్నట్టు, దబ్బుమంటే దిగినట్టు. మీరిద్దరూ కిటికీలోంచి చూస్తూంటారు. చూడటమే అనుకున్నాను గానీ, ఈ పిల్ల అంతా నేర్చుకుందే! "కదలకు" అని నా చుట్టూ తిరిగింది. ఒక బూటు మీద కొట్టి, వంగి చెవి పెట్టి వింది. రెండో బూటు మీద కొట్టింది. తర్వాత మోకాళ్ళు. నా దగ్గర పనిచేసిన ఏ క్లీనరూ అంత శ్రద్ధగా చూడలేదు.

"ఎలా ఉంది మేస్త్రీ?" అన్నాను.

"గాలి లేదు. బండి తియ్యకూడదు."

"ఇంకోసారి చూడు తల్లీ, ఓనరు తిడతాడు."

ఈసారి మోకాలి చిప్ప అదిరేలా కొట్టింది. "అస్సలు లేదు! గాలి లేకుండా వెళ్తే ఇంటికి రామని నువ్వే చెప్పావుగా?"

రెండో డ్రైవరు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తిప్పుకుని, "ఇంకేం వస్తావులే అన్నా, పంక్చరైపోయావు. నేనే ఇంకొకణ్ణి తోడు తీసుకెళ్తాను. ఆ కోటు ఇలా ఇవ్వు, నాది కారుతోంది" అన్నాడు. ఇచ్చేశాను. కోటు వీధి మలుపు తిరిగేదాకా పిడుగు కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఓనరు ఏమంటాడో తెలియదు. కాళ్ళు బయటికి లాగుతూనే ఉన్నాయి, అబద్ధమెందుకు. మధ్యాహ్నమంతా కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. పిడుగు దుప్పటి ఇంట్లో గిన్నెలు సర్దుకుంటోంది. ఈ ఆటలో నేనెవరినని అడగడానికి ధైర్యం చాల్లేదు.

"ఏమండీ, వడ్డించాను. చల్లారిపోతోంది, రండి" అని లోపల్నుంచి కేక వినిపించింది.

అలవాటుగా తలుపు వెనక్కి చూశాను. మేకుకి ఏమీ లేదు. పిలిచింది నన్నే. దుప్పటి కిందికి పాక్కుంటూ వెళ్ళి, ఖాళీ పళ్ళెంలో కడుపునిండా తిన్నాను.

ఇట్లు,
గాలి దిగిన నీ లారీ