కళేబరం మీద కుట్లు

అక్కా,

హడావుడిగా రాస్తున్నాను. అక్షరాలు కోడి గెలికినట్టుంటే తిట్టుకోకు. నీ ఎదుట నిలబడి అడిగే ధైర్యం లేక మా కాంపౌండరుతో ఈ కాగితం పంపుతున్నాను.

బావని పోలీసులు ఎందుకు తీసుకెళ్లారో నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. మీ మంద మేసే గుట్ట కింద నక్కలు, గద్దలు, మీ పక్కింటివాళ్ల కుక్క నోట నురగతో పడి ఉన్నాయి. నేను వెళ్లేసరికి కుక్క ఇంకా కొట్టుకుంటోంది. సూది మందు ఎక్కించేలోపే నా ఒళ్లో పోయింది. పశువుల డాక్టరుగా చావులు చాలానే చూశాను గానీ, ఆకాశంలో తిరగాల్సిన గద్ద అలా బోర్లా పడి ఉంటే చూడలేకపోయానే. మధ్యలో మీ గొర్రెపిల్ల కళేబరం. పొట్ట కోసి, పురుగుమందు గుళికలు కూరి, మళ్లీ కుట్టేశారు.

బావ వచ్చి, "నేనే పెట్టాను అమ్మాయ్, నక్కలు ఒక్క పిల్లనీ మిగలనివ్వట్లేదు" అని అందరిముందూ ఒప్పేసుకున్నాడు.

అక్కా, బావ చొక్కాకి గుండీ కూడా కుట్టుకోలేడు. ఆ గొర్రెపిల్ల పొట్ట మీద ప్రతి కుట్టుకీ విడిగా ముడి, ముందు రెండు మెలికలు, తర్వాత ఒకటి. ముళ్లకంచెకి చీరుకుపోయిన గొర్రెల కోసం నీకు నేను నేర్పిన కుట్టు. ఇక్కడ ఇంకెవరికీ రాదు.

పోలీసులకి నేనివ్వాల్సిన రిపోర్టులో అది రాస్తే నిన్ను తీసుకెళ్తారు. రాయకపోతే బావ జైలుకెళ్తాడు. నువ్వు కాదని ఒక్క మాట రాయి, నమ్ముతాను. నువ్వే అయితే, చేతులెలా ఆడాయే నీకు?

నీ సూదిపిల్ల


సూదిపిల్లా,

చేతులు బాగానే ఆడాయి. ఇప్పుడు అదే భయమేస్తోంది.

రోజూ పొద్దున్నే నక్కలు సగం తిని వదిలేసిన గొర్రెపిల్లల్ని ఏరి పూడ్చిపెట్టి ఒళ్లు మండిపోయింది. గుళికల వాసనకి నక్క రాదేమోనని కుట్టాను. కుక్క తింటుందని, గద్ద వాలుతుందని తోచనే లేదు. మీ బావ పిచ్చి మారాజు, నా మీదికి రాకుండా తన నెత్తిన వేసుకున్నాడు. నువ్వు ఉన్నదున్నట్టు రాసెయ్.

కానీ మీ బావకి కూడా తెలియనిది ఒకటుంది. చచ్చిన ఇంకో గొర్రెపిల్లని కూడా అలాగే గుళికలు కూరి కుట్టి, వాగు పక్కన పెట్టాను. నీ కాగితం చూసి తీసేద్దామని పరిగెత్తాను. అది అక్కడ లేదు. ఏదో ఈడ్చుకెళ్లిన జాడ నీళ్లలోకి దిగిపోయింది. కింది ఊరివాళ్లు తోడుకునేవి ఆ నీళ్లే కదే!

పైనున్న ఇళ్లకి నేను చెబుతున్నాను. కింది ఊరికి నువ్వు పరిగెత్తు. ఎవరు పెట్టారని అడిగితే, మా అక్కేనని చెప్పు.

అక్క