నర్సు అడిగింది నన్ను

ప్రసాద్,

కుక్కర్లో అన్నం ఉంది, పప్పు వేడి చేసుకో. అత్తయ్యకి బీపీ మాత్ర అన్నం తిన్నాకే ఇవ్వు. నేను క్లినిక్‌కి వెళ్తున్నాను.

రక్తపరీక్షకి వెళ్లిన రోజు "సిగరెట్ అలవాటుందా?" అని నర్సు అడిగింది నన్ను. నేను నోరు తెరిచేలోగా నువ్వు "నో, నో, మా ఇళ్లలో ఆడవాళ్లకి అలాంటివి ఉండవు" అన్నావు. పక్కన అత్తయ్య ఉందని నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు బిడ్డకి డౌన్ సిండ్రోమ్ రిస్క్ ఎక్కువని రక్తపరీక్షలో వచ్చింది. కడుపులోకి సూది గుచ్చి ఉమ్మనీరు తీసి చూడాలంటున్నారు. దానివల్ల ఒక్కోసారి గర్భం పోతుందని కూడా వాళ్లే చెప్పారు.

పొద్దున డాక్టర్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను. సిగరెట్ తాగేవాళ్ల రక్తంలో ఆ పరీక్ష లెక్కలు మారతాయట. "ముందే ఎందుకు చెప్పలేదు?" అందావిడ. మళ్లీ లెక్కగడతారు. రిస్క్ తగ్గొచ్చు, పెరగొచ్చు కూడా.

రెండువేల సంవత్సరం కోసం కంప్యూటర్లు సరిచేసే వైటూకే పని రోజుల్లో, సైన్స్ పార్క్ ఆఫీసు మెట్ల మీద నాకు మొదటి సిగరెట్ వెలిగించింది నువ్వే. అప్పుడు నీకు నేను మోడర్న్ అమ్మాయిని. కడుపొచ్చాక మానలేక ఏడుస్తుంటే, "అమ్మకి తెలియనివ్వకు" అన్నావే గానీ నీ ప్యాకెట్ బయట పారెయ్యలేదు.

క్లినిక్‌కి రావద్దు. నా జవాబు నేను చెప్పుకోగలను.

హైమ

నిన్న ట్రైన్లో బిడ్డ మొదటిసారి కదిలింది. నీకే ముందు చెప్పాలని పరుగున వచ్చాను. తలుపు తీసేసరికి నువ్వు అత్తయ్యతో, "వాళ్ల వైపు ఎవరికో ఈ జబ్బు ఉండుంటుంది లేమ్మా" అంటున్నావు.