మన గుట్టకు ఎర్ర రంగు

రాజవ్వా, మన బిడ్డ సుజాతకు ఫారెస్టాఫీసులో కొలువు వచ్చింది. ఏ గుట్టకు ఎప్పుడు నిప్పు ముప్పు ఉందో ముందే చూసి, పచ్చ నుంచి ఎరుపు దాకా రంగు పెట్టి ఊళ్లకు కబురు పంపే పని. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ ఫోటో ముందు మిఠాయి పెట్టి వాడకట్టంతా పంచాను. నా సంబరానికి ఇల్లు చాలలేదనుకో.

మధ్యాహ్నం ఫోన్ చేసింది. తను పంపే మొదటి కబురు మనకేనట.

"బాపూ, రేపు మన గుట్టకు ఎర్ర రంగు పెట్టిన. గాలి జోరుగ కొడ్తది. ఇప్పపువ్వు ఏరెటోళ్లు రాలిన పువ్వు కనవడాలని చెట్ల కింద ఆకులు కాలవెడ్తె మనతోని ఆర్పుడు కాదు. అందరికి చెప్పు."

నీ తమ్ముడు పోశం నవ్వాడు. "మొన్నటిదాక మనతోని ఆకులు కాలవెట్టిన పిల్లనే గద బావా. గిప్పుడు మనకే చెప్తదా?" తెల్లారకముందే గుట్టెక్కుతాడట.

రాలిన టేకాకు చేతిలో నలిపితే పొడి అవుతోంది. గాలి అప్పుడే లేచింది. బయలుదేరుతున్నాను. కొలువు మాట, ఎర్ర రంగు మాట రెండూ చెప్పాల్సినవాళ్లు: మీ అక్క కనకవ్వ, మా చిన్నన్న మల్లయ్య, పువ్వు ఏరడానికి లక్సెట్టిపేట నుంచి పిల్లలతో వచ్చిన నీ మేనకోడలు సరిత. అందరికన్నా ముందు, మళ్లీ ఒకసారి, పోశం.