అన్నం తిన్నందుకు

కోదాడ,
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

చెల్లెలు రేణుక దండాలు. మిర్యాలగూడలో నువ్వు, బావ, పిల్లలిద్దరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ దగ్గరున్న అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? మెట్లెక్కనివ్వకు. బియ్యం ఏరతానని కింద కూర్చుంటే లేవలేదు, అది కూడా చేయనివ్వకు. మేం ఇక్కడ బాగానే ఉన్నాం. ఈ మాట రోజూ ఫోన్లో చెబుతూనే ఉన్నాను, నువ్వు నమ్మినట్టు "ఊఁ" అంటూనే ఉన్నావు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మాది మేడ మీద ఒకటే గది, వెనక చిన్న వంటిల్లు. నేనేం మాట్లాడినా అంజలి చెవిన పడుతుంది. ఏడేళ్ల పిల్ల, బొమ్మకు జడ వేసుకుంటున్నట్టే ఉంటుంది, చెవులు మాత్రం ఇటే. పోయిన నెల నీతో అలసిపోయానన్నానా, ఫోన్ పెట్టేయగానే దగ్గరికొచ్చి "నా వల్లనేనా అమ్మా?" అనడిగింది. ఇప్పుడు కింద ఓనర్ సరోజనమ్మగారి దగ్గర ఆడుకుంటోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మేం సూర్యాపేట వదిలి ఇక్కడికి ఎందుకొచ్చామో నీకు సగమే తెలుసు. మీ మరిదికి మునగాల దగ్గర పెట్రోల్ బంకులో పని దొరికింది, నిజమే. కానీ పని కోసం వచ్చిన వాళ్లం కాదు. పాపకు ఫిట్స్ మూడు రకాల మందులకూ ఆగకపోతే, కొవ్వుతోనే ఒళ్లు నడిస్తే తగ్గుతాయని హైదరాబాద్ డాక్టరమ్మ ఈ కొవ్వు తిండి మొదలుపెట్టమంది. అన్నం లేదు, రొట్టె లేదు, చక్కెర, బెల్లం, అరటిపండు ఏవీ లేవు. వెన్న, నూనె, గుడ్డు, కొబ్బరి, కాసింత కూర, అన్నీ గ్రాముల్లో తూచి పెట్టాలి. ఆ పెద్దింట్లో అది జరిగే పని కాలేదు. అత్తమ్మది చెడ్డ మనసు కాదు. ప్రేమే. "గింత బెల్లం ముక్కకే ఏమైతదే? పొల్ల మొఖం సూడు, ఎట్ల పీక్కపోయిందో!" అని కొంగు చాటున పెట్టేది. తోడికోడళ్లు, పక్కింటివాళ్లు, ఎవరికి వాళ్లు ఇంత ముక్క. తూచి తూచి నేను పెట్టిందంతా నీళ్లపాలయ్యేది. చివరికి ఆయనే అన్నాడు: "గీడుంటే ఇది బతకదు రేణుకా. ఎటన్న పోదాం." అలా వచ్చాం.

వచ్చి ఏడాదైంది. నా రోజు ఎలా గడుస్తుందో చెప్తాను విను. పొద్దున లేవగానే పాప మూత్రంలో చిన్న పట్టీ ముంచి చూడాలి. అది వంగపండు రంగుకు తిరిగితే తిండి పడుతున్నట్టు. లేత రంగులో ఉండిపోతే ఎక్కడో తప్పినట్టు. తర్వాత వంట. తూకం మిషన్ మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, బీరకాయ ముప్పై గ్రాములంటే ముప్పై. ముప్పై రెండు వస్తే ఒక ముక్క తీసేయాలి. కొబ్బరిపొడి, గుడ్డు కలిపి దోశలా పోస్తాను. గోబీపువ్వు తురిమి వెన్నలో వేయిస్తే చూడ్డానికి అన్నంలాగే ఉంటుంది. మొదటిసారి పెట్టినప్పుడు అంజలి మొహం వెలిగిపోయింది, నోట్లో పెట్టుకోగానే ఆరిపోయింది. పళ్లెంలో నూనె చుక్క కూడా మిగలకూడదు, వేలితో తుడిచి నాకించాలి. ఆకలి లేదంటే కుదరదు, ఇంకొంచెం కావాలన్నా కుదరదు. రోజుకు నాలుగుసార్లు ఇదే. మధ్యాహ్నం బడికి డబ్బా పట్టుకుపోయి, అది తినేదాకా పక్కనే కూర్చుంటాను. ఎవరిదన్నా పుట్టినరోజంటే నాకు గుండె దడ.

ఇంట్లో అన్నం వాసన రాకూడదని కుక్కర్ పెట్టడం మానేశాను. ఆయన బంకు దగ్గరే తింటాడు. నేను పాప బడికి పోయాక, కిటికీ మూసి, చిన్న గిన్నెలో ఇంత వండుకుని, పొయ్యి దగ్గరే నిలబడి మింగేస్తాను. బియ్యం డబ్బా ట్రంకు పెట్టెలో, తాళంచెవి నా మెడలో. వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని అక్కా, అన్నాన్ని దొంగసొత్తులా దాచుకుంటున్నాను. ఒక పెళ్లికి పోలేదు, ఒక పేరంటానికి పోలేదు. మీ ఇంటికొచ్చి ఏడాది. ఈ గది, ఈ పొయ్యి, ఈ తూకం. తలుపు తీసే ఉంటుంది, నేను పోలేను.

కానీ ఫిట్స్ తగ్గాయి. రోజుకు ఆరేడుసార్లు పడిపోయేది, వారానికొకటయ్యాయి, తర్వాత నలభై రోజులు ఒక్కటీ రాలేదు. క్యాలెండర్ మీద గీతలు పెట్టుకున్నాను. నలభై ఒకటో రోజు జరిగింది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ రోజు శనివారం, బడి లేదు. ఎండబెట్టిన బట్టలు తెద్దామని పైన డాబా మీదికి పోయాను. పది నిమిషాలు. దిగి వచ్చేసరికి పాప లేదు. కిందికి పరుగెత్తితే సరోజనమ్మగారి వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. ముందు పళ్లెంలో పప్పన్నం, నెయ్యి. అంజలి కళ్లు మూసుకుని తింటోంది. అంత నెమ్మదిగా, అంత ఇష్టంగా తింటుంటే నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

ఆమెది జగ్గయ్యపేట వైపు, మాట కాస్త కటువు. నన్ను చూడగానే అందుకుంది: "వచ్చావా? నీ కూతురు ఎంత ఆవురావురుమంటూ తింటోందో చూడు. ఏడాదిగా చూస్తున్నాను, మీ ఇంట్లో ఒక్కనాడు కుక్కర్ కూత వినలేదు. కన్నబిడ్డకి పట్టెడన్నం పెట్టని తల్లిని నిన్నే చూశానమ్మా!"

ఆమె తప్పు కాదు. ఫిట్స్ అని తెలిస్తే ఇల్లు కిరాయికి ఇవ్వరని, పాపకు కడుపులో ఏదో జబ్బని అబద్ధం చెప్పి చేరాం. ఇప్పుడు నిజం చెప్పలేను, ఆ మాట పడలేను. చెయ్యి లేచింది. పాప వీపు మీద రెండు దెబ్బలు వేశాను. మూడోది వేయబోతుంటే అది లేచి నిలబడి, "కొట్టకే అమ్మా, కక్కేస్త, ఆగు, కక్కేస్త" అంటూ నోట్లో వేళ్లు పెట్టుకుంది.

ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. ఇద్దరం అక్కడే కూలబడ్డాం. అన్నం తిన్నందుకు బిడ్డను కొట్టాను. ఈ ముక్క రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మర్నాడు పట్టీ రంగు మారలేదు. సోమవారం పొద్దున బడికని మెట్లు దిగుతూ కింది మెట్టు మీద పడిపోయింది. నా చెయ్యి పట్టుకునే ఉంది కాబట్టి తలకు దెబ్బ తగలలేదు. సరోజనమ్మగారు వాకిలి ఊడుస్తోంది. చీపురు పడేసి తాళాల గుత్తి పట్టుకుని పరుగున వచ్చింది, పాప చేతిలో పెట్టడానికి.

"అవేం వద్దమ్మా, జర పక్కకు తిప్పుదాం, పట్టుకోండి," అన్నాను. నా గొంతు నాకే వింతగా ఉంది. మూడు నిమిషాలు. ఆమె అంజలి పాదాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆగిపోయాక పాప నిద్రలోకి జారింది. ఆమె చీర కొంగుతో దాని నోటి పక్క నురగ తుడిచి, నా వైపు చూసింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఖాళీ చేయమంటరని."

అన్నం ఎందుకు పెట్టనో కూడా అప్పుడే చెప్పాను. ఆమె పాప పాదాలు ఒళ్లోకి తీసుకుని, "నా చేత్తో పెట్టాను కదా," అంది.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. అన్నం వల్లే కావచ్చు, కాకనూ పోవచ్చు, గట్టిగా చెప్పలేం, మళ్లీ లెక్క ప్రకారం మొదలుపెట్టు అంది. పిల్లను కొట్టొద్దని కూడా అంది. నేను చెప్పకపోయినా ఎలా తెలిసిందో.

మర్నాడు సరోజనమ్మగారు కళ్లద్దాలు పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మోకాళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఆ కాటా ఎలా చూడాలో నేర్పు," అంది. నేర్పాను. మొదట్లో ఆమెకు చెయ్యి ఆగేది కాదు. "ఇంకొక్క ముక్క వేస్తే ఏం పోతుంది?" అనేది. నేను తీసేసేదాన్ని, ఆమె విసుక్కునేది. మూడో రోజు గోంగూర తూచి, రెండు ఆకులు తనే తీసి పక్కన పెట్టింది. ఇప్పుడు పళ్లెం అంచు వేలితో తుడిచి, కథ చెబుతూ పాప చేత నాకిస్తుంది. అంజలికి నా చేతి కంటే ఆమె చెయ్యే బాగుందట. మళ్లీ ఫిట్స్ రాలేదు. ఇవాళ్టికి ఇరవయ్యో గీత.

ఇక్కడిదాకా చదివి నువ్వు ఊపిరి పీల్చుకుని ఉంటావు. ఇంకొకటి ఉంది అక్కా. ఇది నీకొక్కదానికే. అమ్మకు చదివి వినిపించకు.

మొన్న గురువారం పాప బడి నుంచి రాగానే సరోజనమ్మగారే అంది: "పిల్లని నేను చూసుకుంటాను. రెండు గంటలు ఎటైనా వెళ్లిరా. నీ మొహం నువ్వు చూసుకున్నావా?" చెప్పులేసుకుని బయటపడ్డాను. ఎటు పోవాలో తెలియలేదు. నడుస్తూ నడుస్తూ బస్టాండ్‌కు చేరాను. మిర్యాలగూడ బస్సు నిలబడి ఉంది. ఎక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాను. చూద్దామని ఎక్కలేదక్కా, పోదామనే ఎక్కాను. మీ ఇంటికొచ్చి, అమ్మ పక్కన కూర్చుని, చారు పోసుకుని, అందరి ముందూ అన్నం తినాలని ఉంది. తర్వాత పడుకోవాలని. తర్వాత ఏమిటో ఆలోచించలేదు. అంజలి సాయంత్రం పళ్లెం గురించీ ఆలోచించలేదు.

బస్సు కదిలింది. కండక్టరమ్మ వచ్చి, "యాడికి పోవాలె? ఆధార్ సూపియ్యి," అంది. సంచిలో చెయ్యి పెట్టాను. బడికి పట్టుకుపోయే సంచి అది, డబ్బా, చెంచా, పాప చేతిరుమాలు తప్ప ఏమీ లేవు. ఆడవాళ్లకు ఉచితమే కానీ కార్డు చూపాలి; కార్డు లేదు, టికెట్‌కు చిల్లర లేదు. "దిగుత అక్కా, ఆపుండ్రి," అన్నాను. బస్టాండ్ గేటు దాటాక దించేసింది.

పాప గుర్తొచ్చి దిగానని రాస్తే నీకు బాగుండేది. నాకూ బాగుండేది. కానీ కార్డు లేక దిగాను. ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఇంటికొచ్చేసరికి అంజలి, సరోజనమ్మగారు కొబ్బరి తురుముతున్నారు. "గప్పుడే వచ్చినవేందే? ఇంక జరసేపుండొద్దా?" అంది పాప. నేను నీళ్లు తాగే మిషతో లోపలికి పోయాను.

తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ ముందు నేనడిగేది విను. ఇంకో ఏడాదన్నా ఈ తిండి నడవాలంది డాక్టరమ్మ. నువ్వొకసారి రా. వచ్చేటప్పుడు ఏమీ తేకు, పూలు తప్ప. పాప ముందు టిఫిన్ మాట ఎత్తకు. ఒక రోజు నా పక్కన నిలబడి ఈ వంట నేర్చుకో. పాప బరువుకు తగ్గట్టు హైదరాబాద్‌లో రాసిచ్చిన కాగితం గోడకు అంటించి ఉంది, అంతా నేను చూపిస్తాను. రెండో రోజు నాలుగు పూటలూ నువ్వే వండి పెట్టు. కింద సరోజనమ్మగారు ఉంటుంది, భయం లేదు.

ఆ రోజు నేను పొద్దున బస్సుకు అమ్మ దగ్గరికి వస్తాను. ఒక పూట అన్నం తిని, సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి. ఆధార్ కార్డు చేతిలో పెట్టుకునే వస్తాను. ఆ కార్డు చేతిలో ఉండి కూడా నేను తిరుగు బస్సు ఎక్కుతానో లేదో నాకు తెలియాలి అక్కా.

అమ్మ కాళ్లకు నా తరఫున మొక్కు. బావకు నమస్కారాలు. పిల్లల్ని ముద్దు పెట్టుకున్నానని చెప్పు. మీ మరిది మీ అందరినీ అడిగానని చెప్పమన్నాడు. మీ దీవెన మా అంజలి మీద ఉంచండి. ఇంత మిగిలితే నా మీద కూడా.

నువ్వు ఎత్తుకుని పెంచిన చెల్లెలు,
రేణుక